దేవరాతుడికి దొరికిన ఇల్లు



పాటలు, కూచిపూడి, పులిహోర ఉన్న చోట ఈ దత్తతల గొడవ ఏమిటని మీరనుకోవచ్చు. అయితే ఆంధ్రుల పేరు మొట్టమొదట వినిపించే కథే ఒక పెంపుడు బిడ్డ కథ.

ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుడనే కుర్రవాడున్నాడు. తండ్రి అజీగర్తుడు వంద ఆవులకు అతన్ని యజ్ఞపశువుగా అమ్మాడు. యూపానికి కట్టడానికి మరో వంద, నరకడానికి ఇంకో వంద పుచ్చుకున్నాడు. దేవతలను ప్రార్థించి పిల్లవాడు బతికి బయటపడగానే ఆ తండ్రే వచ్చి, నా కొడుకును నాకివ్వండన్నాడు. శునశ్శేపుడు వెళ్ళనన్నాడు. విశ్వామిత్రుడి దగ్గర చేరి, నన్ను ఒప్పుకోమని నీ కొడుకులకు కూడా చెప్పమన్నాడు. ఆయన దేవరాతుడని పేరుపెట్టి, తన నూటొక్కమంది కొడుకులకూ పెద్దవాణ్ణి చేశాడు. వారిలో పెద్దవాళ్ళు యాభైమంది ఒప్పుకోలేదు. ఆయన శాపంతో వారి సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారట. ఇంటికొచ్చిన బిడ్డను కాదన్నవాళ్ళ లెక్కలో మనల్ని వేశారన్నమాట! కథే కదా, కోపం తెచ్చుకోకండి.

కిందటేడు మన ఫ్రిస్కోలో ఒక ఇల్లాలు నాకు ఫోన్ చేసింది. పాపను ఆరేళ్ళ వయసులో ఇండియా నుంచి తెచ్చుకున్నారు. ఇప్పుడు పదమూడేళ్ళు. "అన్నయ్యగారూ, మా వల్ల కావడం లేదు. మీకు తెలిసిన మంచి తెలుగువాళ్ళుంటే చెప్పండి, పిల్లను అప్పగించేస్తాం. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు" అంది. ఆ గొంతులో ద్వేషం లేదు, అలసట ఉంది. ఏడేళ్ళలో ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. గుడిలో నలుగురూ ఏమనుకుంటారోనని!

ఆ "తర్వాత చూసుకోవచ్చు" అన్న మాటే ప్రమాదం. ఇలా పిల్లలను చేతులు మార్చడం గురించి 2013లో రాయిటర్స్ వార్తాసంస్థ వరుస కథనాలు ప్రచురించింది. ఇంటర్నెట్‌లో పరిచయమైన అపరిచితులకు, ఎవరి విచారణా లేకుండా, బిడ్డలను ఇచ్చేసినవాళ్ళున్నారు. టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి దత్తబిడ్డను అలా శాశ్వతంగా ఒకరికి అప్పగించడం నేరం, థర్డ్ డిగ్రీ ఫెలొనీ. బంధువులు, పిల్లకు ఎంతోకాలంగా దగ్గరైనవారు వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. సంఘంలో పరిచయం ఉన్నంతమాత్రాన ఆ మినహాయింపు వర్తిస్తుందనుకోకండి.

మన పెద్దలు దత్తత ఒక్కసారే అంటారు. 1956 నాటి హిందూ దత్తత చట్టమూ అంతే: ఒకసారి దత్తత వెళ్ళిన బిడ్డను మళ్ళీ దత్తత ఇవ్వడానికి లేదు, జరిగినదాన్ని తల్లిదండ్రులు రద్దు చేయడానికీ లేదు. ఇక్కడి చట్టంలో రెండో దత్తతకు దారి ఉంది, కాని అది కోర్టు మీదుగా పోవాలి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది కనుక మెకిన్నీకో డెంటన్‌కో వెళ్ళాలి. లైసెన్సున్న సంస్థ కొత్త ఇంటిని పరిశీలిస్తుంది. పాత తల్లిదండ్రుల హక్కులను కోర్టు ముగించాలి. మామూలుగా బిడ్డ ఆరు నెలలు కొత్త ఇంట్లో ఉన్నాకే దత్తత ఖాయమవుతుంది. పన్నెండేళ్ళు నిండిన బిడ్డ సమ్మతి కూడా కావాలి. శునశ్శేపుణ్ణి అడిగినట్టే!

అన్నిటికన్నా ముందు పౌరసత్వం కాగితాలు చూసుకోండి. 2000 నాటి చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమలైంది. దాని షరతులు కుదిరిన దత్తబిడ్డలకు పౌరసత్వం దానంతటదే వస్తుంది, కాని రుజువు చేతిలో ఉండాలి. ఇల్లు మారే గందరగోళంలో పోయేవి ఆ కాగితాలే.

ఆ ఇల్లాలిని మొదట కౌన్సిలర్ దగ్గరకు పంపాం. కొన్ని ఇళ్ళు అక్కడే నిలబడతాయి. ఈ ఇల్లు నిలబడలేదు. నేనెవరినీ తప్పుపట్టను. పాప ఇప్పుడు మరో ఇంట్లో ఉంది. వచ్చే ఉగాదికి ఆరు నెలలు నిండుతాయి. పాత అమ్మ ఆదివారాలు ఫోన్ చేస్తుంది. పాప ఒక్కోసారి తీస్తుంది, ఒక్కోసారి తీయదు.

ఆ ఉగాది వేడుకకు పాప రావచ్చు. తెలుగువాళ్ళం కనుక పిల్ల కనిపించగానే "ఎవరమ్మాయివి, ఇంటిపేరేమిటి?" అంటాం. ఆ రోజుకు మాత్రం ఆ ప్రశ్న మానుకుని, భోజనం చేశావా అమ్మా అని అడగండి.