జట్టు లేని ఏడాది

 పట్టభద్రులైన అమ్మాయిలకు, అబ్బాయిలకు అభినందనలు.

ముడివేము అని పాత పేరున్న ఈ పెద్దముడియానికి చాళుక్యుల శాసనాల్లో ఒక కథ ఉంది. యుద్ధంలో రాజు విజయాదిత్యుడు చనిపోతే, గర్భిణి అయిన రాణికి ఇక్కడి అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చాడు. ఇక్కడ పుట్టిన విష్ణువర్ధనుడు తర్వాత రాజ్యం సంపాదించాడు. ఓటమికీ రాజ్యానికీ నడుమ ఆ పిల్లవాడు ఎలా పెరిగాడన్నది మాత్రం కథలో రెండు ముక్కల్లో అయిపోతుంది. నాకు వినాలనిపించేది ఆ నడిమి భాగమే.

ఈరోజు ఒక ఆటగాడి నడిమి భాగం చెబుతాను. ఆట బేస్‌బాల్. క్రికెటర్ శ్రీచరణి గురించి చెప్పమని కొందరడిగారు. 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసిన ఆ అమ్మాయిది మన జిల్లాయే, ఆమె సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

నేను చెప్పే అబ్బాయి కుమార్ రాకర్. తల్లి లలిత, ఆమె తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు. తండ్రి ట్రేసీ రాకర్ ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, తర్వాత కోచ్ అయ్యాడు. కుమార్ పిచర్, అంటే మన భాషలో బౌలర్ అనుకోండి. 2019 జూన్ 8న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ మీద మ్యాచ్ మొత్తం తానే వేశాడు. ఒక్క హిట్ ఇవ్వలేదు, అంటే బంతి కొట్టి ఎవరూ క్షేమంగా బేస్ చేరలేదు. 19 సార్లు బ్యాటర్లను మూడు స్ట్రైకులతో ఔట్ చేశాడు, దాన్నే స్ట్రైకౌట్ అంటారు. కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు!

2021లో, కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, పెద్ద లీగు జట్టు న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో ఎంపికగా తీసుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. ఆ తర్వాత వైద్య పరీక్షల నివేదిక చూసి, సంతకం లేకుండానే వదిలేసింది. దేశమంతా చూస్తుండగా ఎంపికైనవాడు నెల తిరక్కముందే జట్టు లేనివాడయ్యాడు. అదే సెప్టెంబరులో భుజానికి ఆపరేషన్. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టులో చేరాడు. పెద్ద లీగు జట్లలో దేనికీ అనుబంధం కాని జట్టది. అక్కడ కొద్ది మ్యాచ్‌లే వేశాడు. అవి చూశాక 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. పది నుంచి మూడుకు వచ్చాడు. 2023లో మళ్ళీ మోచేతికి ఆపరేషన్. చివరికి 2024 సెప్టెంబరు 12న, సియాటిల్‌లో, పెద్ద లీగులో మొదటి బంతి వేశాడు.

ఆ రోజు అతని మేనేజర్ బ్రూస్ బోచీ. బేస్‌బాల్‌లో మేనేజరంటే లెక్కలు రాసే ఉద్యోగి కాదు, ఎవరు ఆడాలో, ఎవరిని ఎప్పుడు మార్చాలో తేల్చేవాడు. ఈయన ఆటగాడిగా పెద్ద లీగులో తొమ్మిది సీజన్లలో ఆడింది 358 మ్యాచ్‌లే. ఒక్క సీజన్‌కే 162 మ్యాచ్‌లుంటాయి, అంటే ఎక్కువ కాలం బెంచీ మీదే. ఆయన క్యాచర్, మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. మైదానంలో మిగతా ఎనిమిది మందికీ ఎదురుగా కూర్చునేది క్యాచర్ ఒక్కడే. ఆ రోజుల్లో ఏ బంతి వేయాలో వేళ్ళతో సైగ చేసేదీ, ఎవరు అలిసిపోయారో ముందుగా కనిపెట్టేదీ అతనే. మేనేజర్‌గా బోచీ నాలుగు వరల్డ్ సిరీస్‌లు, అంటే పెద్ద లీగు ఫైనల్స్, గెలిచాడు: 2010, 2012, 2014, 2023.

మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ కూడా వికెట్ కీపరే. ఆడింది ఆరు టెస్టులు. 2016లో జాతీయ సెలక్టర్ల అధ్యక్షుడైతే, ఆరు టెస్టులవాడికి ఏం తెలుసని ఎగతాళి చేశారు. ఆయన ఎంపికలతో ఎవరైనా విభేదించవచ్చు, ఆ ఎగతాళి మాత్రం నాకు రుచించదు. బయట కూర్చుని ఆటను చూడటమూ ఆట నేర్చుకోవడమే.

డీఎస్సీ అనో, గ్రూప్స్ అనో, బ్యాంకు కోచింగ్ అనో మీలో చాలామంది నంద్యాలకో హైదరాబాదుకో వెళతారు. జాబితాలో పేరు రాని ఏడాది ఒకటి వస్తుంది. పండక్కి ఇంటికొస్తే "ఏం చేస్తాండావబ్బీ?" అని ప్రతి అరుగు మీదా అడుగుతారు. ఆ ఏడాది ఊరికే కూర్చోకండి. ట్యూషన్ చెప్పండి, లెక్కలు రాయండి, చిన్న జీతమైనా మీ పనికి దగ్గరి పనిలో ఉండండి. తల్లిదండ్రులకు ఒక మనవి: ఆ ఏడాది పక్కింటి పిల్లల ర్యాంకులు ఇంట్లో చదవొద్దు.

రాకర్ సంగతీ ఇంకా తేలలేదు. 2025లో అతన్ని మళ్ళీ కింది లీగుకు పంపారు. ప్రస్తుతానికి నాకు తెలిసిన కథ ఇంతే. ప్రిన్సిపాల్ గారూ, ఎండెక్కుతోంది, పిల్లలకు పట్టాలిద్దాం రండి.