పండుగనాడు తిరిగివచ్చే దుఃఖం

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ఇది రంజాన్ చివరి శుక్రవారం. కొద్ది రోజుల్లో నెలవంక కనిపిస్తుంది. మన నారాయణఖేడ్ బజారులో సేమియా, కొత్త బట్టలు, అత్తరు సీసాలు అమ్ముడవుతున్నాయి. ఈ సంతోషం అల్లాహ్ అనుగ్రహమే. అయితే మన వరుసల్లోనే కొందరికి పండుగ దగ్గరపడే కొద్దీ గుండెదడ పెరుగుతుంది, నిద్ర దూరమవుతుంది. నేడు వారిని గురించి మాట్లాడదలిచాము.

2021వ సంవత్సరాన్ని గుర్తుచేసుకోండి. కరోనా రెండవ విడత ఆ ఏటి రంజాన్ మాసంలోనే విజృంభించింది. మే 12న మన రాష్ట్రంలో లాక్‌డౌన్ మొదలైంది. మే 14, శుక్రవారం నాడు ఈద్ వచ్చింది. అనేకులు పండుగ నమాజును ఇళ్లలోనే చేసుకున్నారు. ప్రాణవాయువు కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదు చేరినవారిలో కొందరు తిరిగి రాలేదు. కొందరి దేహాలు సంచుల్లో చుట్టి అప్పగించబడ్డాయి. కన్నబిడ్డలు కడసారి ముఖం చూడలేదు, గుస్ల్ చేయించలేకపోయారు.

మరుసటి ఏడాది ఈద్‌నాడు ఒక సోదరుడు నమాజు ముగియగానే, ఎవరినీ ఆలింగనం చేసుకోకుండా ఈద్గాహ్ నుండి వెళ్లిపోయారు. మేము వారి ఇంటికి వెళ్లి, "ఏడాది గడిచింది కదా భాయ్, సహనం వహించండి. విశ్వాసి ఇంతగా కుంగిపోరాదు" అన్నాము. ఆయన మౌనంగా విన్నారు. తరువాత చాలా వారాలు మసీదుకు రాలేదు. ఎంతో కాలానికి ఆయనే చెప్పారు: "మౌలానా సాబ్, ఆ రోజు మీరు నా చేతికి రాసిన అత్తరు, మా అబ్బాజాన్ ఉన్న సంచిపై నేను చల్లిన అత్తరే. ఆ వాసన తగలగానే నాకు ఈద్గాహ్ కనబడలేదు, ఖబరస్తాన్ కనబడింది."

మేము సిగ్గుపడ్డాము. ఇన్నేళ్లు గ్రంథాలు చదివి కూడా, ఒక గాయాన్ని విశ్వాసలోపంగా భావించాము. మా పొరపాటు మీరు చేయకూడదనే ఈ మాట చెబుతున్నాము.

దైవప్రవక్త (స) జీవితాన్ని చూడండి. హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన కొన్నేళ్లకు, ఆమె సోదరి హాలా (రజి) మదీనాలో గుమ్మం వద్ద నిలిచి లోనికి రావడానికి అనుమతి కోరారు. ఆ పిలుపులో ఖదీజా (రజి) పిలిచే తీరు వినిపించి దైవప్రవక్త (స) చలించిపోయారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒక్క స్వరం చాలు, గడచిన కాలమంతా కళ్లముందు నిలవడానికి!

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ హమ్జా (రజి)ని చంపిన వహ్షీ, తరువాత ఇస్లాం స్వీకరించి వచ్చారు. దైవప్రవక్త (స) ఆయన ఇస్లామును అంగీకరించారు, ప్రతీకారం కోరలేదు. కానీ వీలైతే తమ కంటబడకుండా ఉండమని అడిగారు. క్షమించడం వేరు, గాయాన్ని రేపే దృశ్యానికి దూరంగా ఉండడం వేరు. ఆ రెండూ ఒకే పవిత్ర హృదయంలో ఇమిడాయి. హజ్రత్ యాఖూబ్ (అలై) ఏళ్ల తరబడి కుమారుని కోసం దుఃఖించి చూపు కోల్పోయారు. అయినా ఆయన సహనం సహనంగానే నిలిచింది. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు.

కనుక దుఃఖంలో ఉన్న సోదరులారా! మీలో ఈమాన్ తగ్గిందని భయపడకండి. ఈద్గాహ్‌కు రండి, ద్వారం దగ్గరి వరుసలో నిలవండి, తోడుగా ఒకరిని తెచ్చుకోండి. అత్తరు పూసుకోవడం ఫర్జ్ కాదు. ప్రతి ఇంటికీ వెళ్లి పండుగ చేసుకోవడమూ ఫర్జ్ కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బ్రతుకుపై విరక్తి కలిగినా వైద్యుణ్ణి ఆశ్రయించండి. జబ్బుకు చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధనే. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ, ఉర్దూలోనూ మాట్లాడవచ్చు. ఇది తవక్కుల్‌కు భంగం కాదు.

మిగిలిన వారి బాధ్యత అంతకంటే పెద్దది. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు కనుక వారికి భోజనం వండి పంపమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మనం ఆ సున్నత్‌ను పండుగనాడు కూడా గుర్తుంచుకుందాం. షీర్ ఖుర్మా మొదటి గిన్నె ఆత్మీయులను కోల్పోయిన ఇంటికి చేరాలి. పోయినవారి పేరు తలచి దుఆ చేయండి, ఆ పేరును దాచిపెట్టకండి. "ఇంకా ఎన్నాళ్లు?" అని అడగకండి. ఆలింగనానికి ముందు ఎదుటివారి ముఖం చూడండి.

గత ఈద్‌కు ఆ సోదరుడు వచ్చారు. మేము అత్తరు సీసా జేబులోనే ఉంచి, దూరం నుండే సలాం చెప్పాము. ఆయన జవాబిచ్చి, ఖుత్బా పూర్తయ్యేవరకు కూర్చున్నారు. మాకు ఆ పండుగకు అదే గొప్ప కానుక.

ఓ అల్లాహ్! ఆ సంవత్సరం నీ సన్నిధికి చేరినవారిని మన్నించు. వారి సమాధులను కాంతితో నింపు. మిగిలిన గుండెలకు ఊరటనివ్వు. మా నాలుకలను ఇతరుల గాయాలు రేపకుండా కాపాడు. ఆమీన్.