పెండ్లికి ముందే తెలియదగిన సంగతి



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు విజ్ఞానదానము చేయుచున్న గ్రంథాలయమునకు నమస్కరించి, మన ఆడపిల్లలకు పెండ్లికి ముందే తెలియవలసిన సంగతి నొకదానిని మనవి చేయుచున్నాను.

కంటికి కానరాని టాక్సోప్లాస్మా అను జీవి కలదు. 1908లో ట్యునిస్ నగరమున నికోల్, మాన్సో అను శాస్త్రజ్ఞులు దీనిని ఎలుకజాతి జంతువునందు కనుగొనిరి. పిల్లియే దీనికి పుట్టినిల్లని 1970 ప్రాంతమున తేలినది. ఇది పిల్లి మలముతో వెలువడి, తడిమట్టిలో నెలల తరబడి చావక యుండును. మైపాడు మొదలు కృష్ణపట్నము వరకు మనది ఇసుకనేల. చేపలు ఎండబెట్టు చోట పిల్లులు చేరుటయు, ఇసుకలో మలము కప్పిపెట్టుటయు సహజము. మట్టిచేతులతో తినుట, కడుగని ఆకుకూరలు, సరిగా ఉడకని మాంసము, ఇవి ఆ జీవి మనలో చొచ్చు త్రోవలు.

పెక్కుమందికి ఇది సోకినట్లే తెలియదు. కొందరికి కొలది జ్వరము వచ్చి, మెడవద్ద బిళ్లలు కట్టును. అంతట శరీరము ప్రతిరక్షకములను పుట్టించుకొనును. ఆరోగ్యవతికి ఆ రక్షణ జీవితాంతముండును; పిమ్మట ఆమె గర్భము ధరించినచో శిశువునకు సాధారణముగా భయము లేదు. రక్షణ లేని స్త్రీకి గర్భకాలమున తొలిసారి సోకినప్పుడే అపాయము. మొదటి నెలలలో బిడ్డకు చేరుట తక్కువ, చేరినచో హాని ఎక్కువ. కడపటి నెలలలో ఇది తారుమారగును. గర్భస్రావము, చూపు చెడుట, మెదడున నీరు చేరుట దాని ఫలములు.

ఫ్రాన్సు దేశమున 1978లో వివాహపూర్వ పరీక్షలలో దీనిని చేర్చిరి. అది పెండ్లి ఆపుటకు కాదు. ఎవరు జాగ్రత్తపడవలెనో ముందుగా తెలియుటకు.

మనలోనో, ‘టార్చ్’ పరీక్ష కాగితముపై ‘పాజిటివ్’ అని చూచినంతనే కోడలిదే దోషమనువారు కలరు. ఆ మాట ఐజీజీ అను ప్రతిరక్షకమునకు మాత్రమే చెందినదైనచో, అది సాధారణముగా ఎన్నడో సోకినదనుటకు గుర్తు, అనగా కవచము. ఐజీఎం కూడ ఉన్నచో ఇటీవల సోకియుండవచ్చును. కాని అది నెలలకొలది నిలుచుటయు కలదు గనుక, మరియొక పరీక్షతో వైద్యులే తేల్చవలెను. గర్భము మరల మరల నిలువకున్నప్పుడు, ఈ పాత రక్షణను కారణముగా చూపి ఆ యింటి కోడలిని నిందించుట అన్యాయము.

మనుష్యులకు దీనికి టీకా లేదు. కావున రక్షణ లేని గర్భిణి మట్టిపని చేసినపిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆకుకూరలు పలుమార్లు కడిగి, మాంసము బాగుగా ఉడికించి తినవలెను. పిల్లిని తరుమనక్కరలేదు, దాని మలము నెత్తిపోయు పని ఇంటిలో ఇతరులు చేయవలెను.

అక్షరములు చదువనేర్పిన ఈ గ్రంథాలయము వైద్యపరీక్షల కాగితమును సరిగా అర్థము చేసికొనుటయు నేర్పుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.