పేరు లేని పొడి



ఒక వర్షాకాలమున మా పాఠశాల ప్రయోగశాలలో చెమ్మకు సీసాల చీటీలు కొన్ని ఊడిపోయినవి. ఒక సీసాలోని తెల్లని పొడి యేదో యెవ్వరికిని తెలియలేదు. ఒక విద్యార్థి దానిలో వ్రేలు అద్ది నోటియొద్దకు గొనిపోవుచుండగా నేను చేయి పట్టుకొంటిని. తెల్లపాషాణమునకు రుచి యుండదు. నాలుకను నమ్మినవాడు ప్రాణము మీదికి దెచ్చుకొనును.

"మరి తెలిసికొనుట యెట్లండీ?" అని అతడడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

శుద్ధమైన నీరు సున్న డిగ్రీ సెంటిగ్రేడు వద్ద గడ్డకట్టును. అందేదైన కరిగినచో ఇంకను చల్లబడినగాని గడ్డకట్టదు. ఎంత చల్లబడవలెననునది కరిగిన అణువుల లెక్కను బట్టి యుండును గాని వాని జాతిని బట్టి గాదు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబులు నగరపు ఆచార్యుడు రౌల్టు 1882లో ఈ విషయమును ప్రకటించెను.

వీశెడు ఆవాలను, వీశెడు చింతగింజలను తూచుడు. తూకమొక్కటే, గింజల లెక్క వేరు. తూకమును లెక్కయు తెలిసినచో ఒక్క గింజ బరువు తెలియును. పదార్థమునందు అట్టి బరువే అణుభారము. ఆ లెక్కను మనకు చలి చెప్పును.

అణుభారమెంతో అన్ని గ్రాముల పదార్థమును 1000 గ్రాముల నీటిలో కరగించినచో గడ్డకట్టు స్థానము 1.86 డిగ్రీలు దిగును. ఉప్పువంటివి నీటిలో విడిపోవును గనుక వాని లెక్క వేరు. మేము 100 గ్రాముల నీటిలో 9 గ్రాముల పొడి కరగించి, ఉప్పు కలిపిన మంచుగడ్డల నడుమ నుంచితిమి. 0.93 డిగ్రీ దిగినది. అనగా సరిగా సగము. 1000 గ్రాముల నీటికి ఆ పొడి 90 గ్రాములగును. అది సగమైనచో అణుభారము 180. పంచదారయే అయినచో 0.49 మాత్రమే దిగియుండును. దాని అణుభారము 342.

విద్యార్థి "గ్లూకోజు!" అని కేక వేసెను. తొందరపడకుమంటిని. మా సరకుల పట్టికలో 180 అణుభారము గలవి మూడు: గ్లూకోజు, పండ్లచక్కెర, తలనొప్పికి వాడు ఆస్పిరిన్. ఆస్పిరిన్ చన్నీట అంతగా కరగదు. కావున అది కాదు. ఒకే తలమున కంపించు కాంతిని గ్లూకోజు ద్రావణము కుడికి, పండ్లచక్కెర ద్రావణము ఎడమకు త్రిప్పును. మా ద్రావణము కుడికి త్రిప్పినది. అప్పుడు గదా ఆ విద్యార్థిచేతనే క్రొత్త చీటి వ్రాయించితిని!

గ్రామమున తగవు తీర్చు పెద్దలగు మీకు నేను వేరుగ చెప్పనేల? ఒక్క సాక్షి మాటపై తీర్పు చెల్లదు. చలి మంచి సాక్షియే. అయినను రెండవ సాక్షి కావలెను. ఈ సాధనములు లేని మన యిండ్లలో పేరు లేని పొడి కనబడినచో నాలుకను మాత్రము సాక్షిగా పిలువకుడు, పిల్లలకందనీయకుడు.