వాకిలి ఎవరిది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"చికాగోలో చదువుకున్న రోజుల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు మన సంఘం వాళ్లు. చదువు జోలికి వెళ్లను, నా మార్కుల సంగతి మా సార్లకు తెలుసు. అక్కడ నేనున్న గల్లీ గురించి చెప్తాను.

నాది నాచారం. మా నాన్న ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు డ్యూటీ చేసేవారు. ఆయన సైకిల్ బయటికి తీసేలోపే అమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టేది. ఆమె చీపురు మా గేటు దగ్గర ఆగేది కాదు. పక్కింటి పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులని ఆ వాకిలి కూడా ఊడ్చేది. అదొక పనని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

2018లో ఎం.ఎస్. కోసం ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరాను. క్యాంపస్‌కు పడమటి వైపున్న బ్రిడ్జ్‌పోర్ట్ పేటలో, ఒక పాత చెక్క ఇంట్లో నలుగురం తెలుగు పిల్లలం అద్దెకు దిగాం. సరుకులకు రెడ్ లైన్ రైలెక్కి, లొయోలాలో దిగి, 155 నంబరు బస్సు పట్టుకుని డెవాన్ వీధికి పోయేవాళ్లం. పటేల్ బ్రదర్స్ కొట్టు 1974లో మొదలైంది ఆ వీధిలోనే. దాదాపు మన బడి వయసే! బియ్యం సంచి భుజాన వేసుకుని బస్సు మారుతుంటే ఉప్పల్ రింగ్ రోడ్డే గుర్తొచ్చేది.

నవంబర్ చివర పెద్ద మంచు పడింది. రాత్రి పడిన మంచును ఉదయం 10 గంటల్లోపు ఎవరి ఇంటి ముందు వాళ్లు తీసెయ్యాలన్నది ఆ నగరంలో నిబంధన. మేం "ఓనరు చూసుకుంటాడులే" అనుకున్నాం. నలుగురు తొక్కిన మంచు పగలు కాస్త కరిగి, రాత్రికి గడ్డకట్టి అద్దంలా తయారైంది. మర్నాడు పొద్దున పక్కింటి చైనా అవ్వ మా ఇంటి ముందే జారిపడింది. మణికట్టు విరిగింది.

క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు చైనా భాష రాదు. మనవడు మధ్యలో నిలబడి నా మాట ఆమెకు చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మా అమ్మకు ఫోన్ చేసి "మంచు బాగా పడుతోంది" అన్నాను గానీ ఈ సంగతి చెప్పలేకపోయాను.

ఆ తర్వాత రోజూ పారతో రెండు ఇళ్ల ముందూ మంచు ఎత్తాను. ఉప్పు చల్లాను. మంచులో ఉప్పు కలిస్తే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుందని తొమ్మిదో తరగతిలో సైన్స్ సార్ చెప్పిన పాఠం అక్కడ పనికొచ్చింది. అయితే చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు కూడా పనిచెయ్యదని అక్కడే తెలిసింది.

2019 జనవరి 30. సున్నాకు దిగువన 30 డిగ్రీలు. బడులు మూశారు, పోస్టు ఆపేశారు. రైలు పట్టాలు మారే చోట్ల ఉక్కు బిగుసుకుపోకుండా గ్యాస్ మంటలు పెట్టారు. ఆ పొద్దున్నే మా ఇంట్లో హీటర్ ఆగిపోయింది. ఓనరు ఫోన్ ఎత్తలేదు. ఉన్న స్వెట్టర్లన్నీ వేసుకుని నలుగురం ఒకే గదిలో ముడుచుకున్నాం. అప్పుడే అమ్మ ఫోన్. ఇక్కడ సాయంత్రం. "తిన్నావా బిడ్డా?" అంటే "తిన్నా" అని అబద్ధమాడాను.

కాసేపటికి తలుపు చప్పుడైంది. మనవడు. "మా నానమ్మ మిమ్మల్ని రమ్మంటోంది" అన్నాడు. రెండు రోజులు వాళ్లింటి ముందు గదిలోనే ఉన్నాం. ఇంకా సరిగా వంగని ఆ చేత్తోనే అవ్వ మాకు వేడి వేడి గంజి పోసింది. ఇంగ్లీషులో దాన్ని "కాంజీ" అంటారు, అది మన దక్షిణాది మాటల నుంచి పోయిందే. ఆ గిన్నె పట్టుకుని నేను ఏడ్చాను. చలికి కళ్లలో నీళ్లొచ్చాయని మావాళ్లకు చెప్పాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన బడి పిల్లలు చాలామంది ఇప్పుడు దూరదేశాల్లో ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మల్లాపూర్ గల్లీల్లో ఒంటరిగా ఉంటున్నారు. ఇక్కడ మంచు పడదు, నిజమే. కానీ బాత్రూంలో కాలు జారుతుంది, అర్ధరాత్రి బీపీ పెరుగుతుంది. అప్పుడు తలుపు తట్టేది ఎవరు?

మన సంఘానికి ఒక్కటే మనవి. అలాంటి పెద్దల పేర్లు గల్లీవారీగా రాసుకుందాం. ఒక్కో ఇంటికి దగ్గర్లో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు వారానికి ఒకసారి వెళ్లి పలకరించాలి. మొదటి పేరు నాది రాసుకోండి. నాచారంలో మా గల్లీ, దాని పక్క గల్లీ నావి.

మా అమ్మ చీపురు గేటు దగ్గర ఆగేది కాదు. నాది ఒక ఏడాది ఆగింది. ఇక ఆగదు.