నౌకాబలుల సంధులు – కొరియా యనుభవము



సముద్రబలము గల ప్రభుత్వములు తమలో తాము చేసికొను మైత్రి చిన్న రాజ్యమునకు రక్షణ యగునా? దీనికి కొరియా చరిత్రమే సమాధానము చెప్పుచున్నది.

1902 జనవరి 30వ తేదీన బ్రిటిషువారును జపానువారును లండనులో సంధి చేసికొనిరి. తూర్పు సముద్రములలో రష్యాను నిలువరించుట వారి యుద్దేశము. కొరియా స్వాతంత్ర్యమును గుర్తించితిమని యందు వ్రాసిరి. కొరియాలో జపానునకు విశేషప్రయోజనములు గలవనియు నందే వ్రాసిరి. కొరియావారి సమ్మతి నెవరును కోరలేదు.

1904 జనవరిలో కొరియా తటస్థతను ప్రకటించెను. మరుసటి నెలలోనే జపాను సేనలు చెముల్పో రేవున దిగెను. అడ్డగించుటకు కొరియాకు తగిన నౌకాబలము లేదు.

1905 ఆగస్టులో సంధిని తిరుగ వ్రాసినప్పుడు కొరియా స్వాతంత్ర్యమను మాటయే తొలగిపోయెను. కొరియాపై జపాను పెత్తనమునకు బ్రిటిషువా రంగీకరించిరి. ఇండియాలో బ్రిటిషువారి హక్కులపై దాడి జరిగినచో యుద్ధమున తోడ్పడుటకు జపాను ఒప్పుకొనెను. మన దాస్యమునకు కాపుదల కుదిరినది కొరియా స్వాతంత్ర్యము వెలగానే! ఆ నవంబరులో కొరియా జపాను సంరక్షణక్రిందికి పోయెను. 1907లో దాని దూతలకు హేగు మహాసభలో ప్రవేశము దొరకలేదు. 1910లో రాజ్యమే జపానులో కలిసిపోయెను.

2021లో ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికాలు అణుశక్తితో నడచు జలాంతర్గాములను గూర్చి యొడంబడిక ప్రకటింపగా ఇండోనీషియా, మలేషియాలు కలతచెందుటకు కారణము లేకపోలేదు.

మైత్రి వలదని మేమనము. సంధిపత్రమున పేరుండినంత మాత్రమున రక్షణ కలుగదు. సంధి చేయు సభలో మనకు మాట యుండవలెను. మన రేవులను మనమే కాచుకొను శక్తి యుండవలెను.