పాత కారు ఇంజనుకు నిప్పురవ్వ వేళ
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు అంతకు చాల మునుపే కనుమరుగైనది. అయినను పెద్దలు కొన్న అట్టి బండ్లను భద్రపరచుకొన్నవారు మనలో కలరు. పాయింట్లు సరిచేయ నేర్చిన మేస్త్రీలు మాత్రము వృద్ధులైరి. కావున ఈ పనిని ఇంటివారే నేర్చుకొనవలెనని మా మనవి.

మొదట కారణము తెలియవలెను. సిలిండరులోని పెట్రోలు, గాలి పూర్తిగా మండుటకు కొంత వ్యవధి పట్టును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనుకు ఒక చుట్టునకు సెకనులో 50వ వంతు మాత్రమే ఉండును. అందుచే పిస్టను పైకొసకు చేరకమునుపే రవ్వ పుట్టవలెను. అది మరీ ముందైనచో ఇంజను టకటక కొట్టును. ఆలస్యమైనచో బండి లాగదు, వేడెక్కును.

ఒకసారి మా బండి లాగకుండుట చూచి, డిస్ట్రిబ్యూటరును అందాజుగా త్రిప్పితిమి. బండి చురుకైనది. టకటక శబ్దమును లెక్కచేయలేదు. తుదకు పిస్టను కాలి రంధ్రము పడినది. విప్పించి చూడగా అసలు లోపము పాయింట్ల ఎడము తగ్గిపోవుటయే! ఎడము తగ్గినచో పాయింట్లు ఆలస్యముగా విడును, రవ్వయు ఆలస్యమగును. కావున ముందు ఎడము, పిదప వేళ.

గేరు న్యూట్రలులో నుంచి, హ్యాండ్‌బ్రేకు వేయవలెను. పాయింట్లు మిక్కిలి విడియున్నపుడు ఫీలర్ గేజీతో ఎడము చూడవలెను. అంబాసిడరు పాత ఇంజనుకు అది 0.35 నుండి 0.40 మిల్లీమీటరు. ఇతర బండ్లకు వాని పుస్తకమే ప్రమాణము.

పిదప కాయిల్ నడిమి తీగను ఊడదీసి ఇంజను ఇనుముకు తగిలించవలెను. ఒకటవ ప్లగ్గు తీసి, రంధ్రముపై బొటనవ్రేలుంచి, హ్యాండిలుతో ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. గాలి వ్రేలిని నెట్టుచుండగా, పుల్లీ గుర్తును పుస్తకములోని డిగ్రీకి చేర్చి ఆపవలెను. అపుడు రోటరు ఒకటవ ప్లగ్గు తీగ వైపు చూపవలెను.

12 వోల్టుల బల్బు ఒక తీగను, కాయిల్ నుండి సన్నతీగ వచ్చి డిస్ట్రిబ్యూటరును చేరు చోట తగిలించి, రెండవదానిని ఇంజను ఇనుముకు తగిలించవలెను. తాళము త్రిప్పి, డిస్ట్రిబ్యూటరు బిగింపు వదులు చేసి, దానిని రోటరు తిరుగు దిక్కునకు త్రిప్పినచో బల్బు ఆరును. పిమ్మట ఎదురు దిక్కునకు మెల్లగా త్రిప్పుచు, బల్బు వెలిగిన క్షణముననే బిగించవలెను. తాళమును వెంటనే ఆపవలెను; లేనిచో కాయిల్ వేడెక్కును.

అన్నియు యథాస్థానమున బిగించి, బండిని తచ్చూరు కూడలి దాటి పెద్దరోడ్డుపై నడిపి చూడవలెను. మన నేల సమతలము గనుక నలుగురిని ఎక్కించుకొని, టాప్ గేరులో యాక్సిలరేటరు నొక్కవలెను. టకటక వినబడినచో వేళను కొద్దిగా వెనుకకు జరుపవలెను. పుస్తకములోని డిగ్రీ ఆనాటి పెట్రోలుకు చెప్పినది. నేటి పెట్రోలు వేరు. కావున తుది తీర్పు చెవిదే.

చివరిగా ఒక మాట. తేదీ, ఎడము, డిగ్రీ, వినబడిన శబ్దము ఒక నోటుబుక్కులో తెలుగున వ్రాసియుంచుడు. మన పిల్లలు తెలుగు చదువుట లేదని చింతించుచున్నాము. తాతగారి బండి నడుపగోరు పిల్లవానికి ఆ పుస్తకము చదువక తప్పదు గదా!